బెల్లం సెట్టి జబ్బు

మా అన్న మల్లికార్జునం నాలుకకి ఉన్న విలువ ఆత్మకూరులో ఇంకెవరి నాలుకకీ లేదు. నీ నాలుకకి తప్ప, అంటాడు మా ఆయన. నాకున్నది విలువ కాదు, పేరు. కోటమ్మ నోరు దురుసని మా అత్తారి ఊరు ఉదయగిరి బజారంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీ. అన్న సంగతి వేరు.

సంగం కాలవ కింద చెరుకు వేసే రైతులు బెల్లం వండి, బండ్లకెత్తుకుని, పొద్దు పొడిచేసరికి మా అన్న మండీ ముందు ఆపేవాళ్ళు. అన్న ప్రతి బండిలోంచీ ఒక దిమ్మ తీయించి, పగలగొట్టించి, నడిమధ్య నుంచి గోరంత ముక్క గిల్లి నాలుక మీద వేసుకునేవాడు. కళ్ళు మూసుకునేవాడు. "చౌటి నీళ్ళు పారించినావు, ఉప్పు తగులుతుండాది" అనో, "పాకం తొందరపడి దించినావు, వానలకి నీరు కారతాది" అనో చెప్పి, ధర అనేవాడు. ఇక అంతే. అమ్మేవాడూ బేరమాడడు, కొనేవాడూ బేరమాడడు. నెల్లూరు నుంచీ కావలి నుంచీ వచ్చే షావుకార్లు కూడా "సెట్టి నోట్లో వేసుకున్నాడా?" అని అడిగి, ఆయన వేసుకున్నాడంటే బస్తాలు ఎత్తించుకునేవాళ్ళు.

ఆ నాలుకకి చెడ్డపేరు రాకూడదని మా అన్న ప్రాణం పోగొట్టుకున్నాడు. మనిషి పోతే ఏడవాలి గానీ కోప్పడతారా అని నన్ను అడుగుతారు. ఏడ్చాను. ఏడుపు అయిపోయింది. కోపం అయిపోలేదు.

జబ్బు బయటపడింది కాలి మీద పుండుతో. కొత్త చెప్పులు కరిచి బొబ్బ లేస్తే, నెలలు గడిచినా అది మానలేదు. పసుపు పెట్టారు, వేపాకు నూరి పెట్టారు, ఎవరో చెప్తే ఏదో పసరు కూడా పోశారు. చివరికి సరుకు పనుందని మండీలో చెప్పి, మా వదిన వరలక్ష్మమ్మని వెంటబెట్టుకుని మద్రాసు పోయాడు. అక్కడి డాక్టరు పుండు కంటే ముందు మూత్రం పరీక్ష చేయించి, ఇది చక్కెర జబ్బు, రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాలి అన్నాడు. సూది వెయ్యడం వదినకే నేర్పించాడు. ముందు బత్తాయి పండుకి గుచ్చమన్నాడు, తర్వాత మా అన్న తొడకి గుచ్చమన్నాడు. బత్తాయికి గుచ్చేటప్పుడు కూడా కళ్ళు మూసుకున్నాను అని వదిన తర్వాత చెప్పింది.

తిరుగు ప్రయాణంలో అన్న ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు.

"నా నెత్తిన చెయ్యి పెట్టి చెప్పు. ఈ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలవగూడదు. మీ పుట్టింటోళ్ళకి కూడా. మా కోటమ్మకైతే అసలే తెలవగూడదు. దానికి చెప్పడం కంటే బజార్లో తప్పెట కొట్టించడం మేలు."

ఒట్టు వేసింది మహాతల్లి.

అన్నకి ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆయన కంటే ముందు ఆ బజార్లో బెల్లం రుచి చూసినవాడు శ్రీమన్నారాయణ సెట్టి. ఆయనకి చక్కెర జబ్బని తెలిసిన ఏడాదే బండ్లు ఆయన మండీ దాటి వచ్చి మా అన్న ముందు ఆగాయి. నెత్తుర్లోనే తీపి ఉన్నోడికి నాలిక మీది తీపేం తెలుస్తాది, అని జనం అన్నారట. అన్నారో లేదో గానీ మా అన్న చెవిన మాత్రం పడింది. ఇంకొకడి గిరాకీ తనకొచ్చినప్పుడు ఆ మాట తియ్యగానే ఉండి ఉంటుంది. అదే జబ్బు తనకొచ్చేసరికి గుండెల్లో దిగబడింది.

అలా మూడేళ్ళు సాగింది. పిల్లలు లేని ఇల్లు కాబట్టి గుట్టు దాచడం కష్టం కాలేదు. ఇన్సులిన్ సీసా దేవుడి గదిలో, తడి ఇసుక పోసిన కొత్తకుండలో ఉండేది. బండ్లు రాకముందే వదిన తలుపు వేసి, సూది నీళ్ళల్లో మరగబెట్టి, వేసేది. పెద్ద పూజ చేసుకుంటుందని పనిమనిషి అనుకునేది. ఒకసారి సూది వేసుకున్నాక మండీ ముందు ఎవరో బండి తాడు కోసేశారని గలాటా అయితే, అన్న తిండి తినకుండానే పోయి మధ్యలో నిలబడ్డాడట. కాసేపటికి ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. వదిన లోపలికి లాక్కొచ్చి బెల్లం ముక్క నోట్లో కుక్కితే నిలదొక్కుకున్నాడు. సూది వేసి తిండి పెట్టకపోతే మనిషి మిగలడని మద్రాసు డాక్టరు చెప్పింది నిజమేనని ఆ రోజుతో ఆమెకి తెలిసింది. అప్పటి నుంచి ఆమెకి ఒకటే లెక్క. తిండి లేని పూట సూది లేదు.

ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది మంచి లెక్కే. జ్వరమొస్తే ఏం చెయ్యాలో ఆ డాక్టరు చెప్పాడో లేదో, చెప్తే వీళ్ళు విన్నారో లేదో, నాకు తెలీదు. విని ఉంటే ఈ కథ లేదు.

యాభై ఏడులో, ఎండలు మండిపోతున్న రోజుల్లో, ఫ్లూ జ్వరం వచ్చింది. ఓడల్లో మద్రాసు రేవుకి దిగిందన్నారు. అక్కడి నుంచి రైల్లో నెల్లూరు చేరింది, నెల్లూర్లో బస్సెక్కి ఆత్మకూరు వచ్చింది. బజార్లో సగం దుకాణాలు మూతపడ్డాయి. ఒకడు దగ్గితే ఆ వరుసంతా దగ్గేది. మా ఉదయగిరిలో కూడా ఇంటికొకరు పడుకున్నారు, కానీ చాలామంది కొన్నాళ్ళు మూలిగి లేచి పనుల్లోకి పోయారు. అందుకని, మీ అన్నకి కూడా జ్వరం తగిలిందమ్మా అని బస్సు డ్రైవరు కబురు తెస్తే, నేను పెద్దగా బెదరలేదు. వదినకి సాయంగా ఉందామని నాలుగు చీరలు మూట కట్టుకుని బయల్దేరాను.

పోయి చూస్తే మనిషి నేను తలచుకున్నట్టు లేడు. కళ్ళు లోతుకు పోయాయి. పెదాలు పగిలాయి. దగ్గు వస్తే ఊపిరి వెనక్కి రావడానికి ఎంతసేపో పడుతోంది. పక్కన చెంబు ఖాళీ కావడం, వదిన నింపడం, మళ్ళీ ఖాళీ కావడం.

"ఏంది వదినా, ఇంత దాహమేంది ఈ మనిషికి?" అన్నాను.

"జొరం గదా కోటమ్మా, ఒళ్ళు కాలిపోతుంటే దాహం గాక ఇంకేంది."

"తిండేమన్నా తిన్నాడా?"

"యాడ. జావ కూడా దిగడం లేదు."

తిండి లేదు కాబట్టి సూది కూడా లేదని ఆమె నాకు చెప్పలేదు. చెప్పినా నాకేం అర్థమయ్యేది గనక. సూదంటే ఏం సూది అని అరిచి ఉండేదాన్ని. ఆ అరుపు నలుగురూ విని ఉండేవాళ్ళు, నలుగురిలో ఒకడు పోయి డాక్టరుకి చెప్పి ఉండేవాడు. నా నోటికి భయపడి దాచారు గానీ, వాళ్ళకి ఆ వేళ కావలసింది నా నోరే.

బజారు వెనక సత్రాన్ని జ్వరం వార్డుగా మార్చి, పైనుంచి ఒక డాక్టర్ని పంపించారు. రాజమోహన్ అని, చిన్న వయసు, మాట నిదానం. అన్న రానంటే రానన్నాడు. నేను ఊరుకోలేదు. "వస్తావా, జనాన్ని పిలిచి మోయించమంటావా?" అంటే బండెక్కాడు. వార్డంతా మా అన్న ఎరిగిన జనమే. సంగం రైతులు, కలిగిరి నుంచి చింతపండు తెచ్చే వర్తకులు, మండీలో బస్తాలు మోసేవాళ్ళు. మా పక్క మంచం మీద సుబ్బన్న ఉన్నాడు. అన్నకి ఏటేటా బెల్లం తోలే రైతు. అప్పటికే తేరుకుంటున్నాడు. అన్నని చూసి పడుకున్నవాడు లేచి కూర్చుని దణ్ణం పెట్టాడు.

డాక్టరు వచ్చి ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు, నాలుక చూశాడు, కన్ను చూశాడు. తర్వాత మంచం అంచున కూర్చుని వదిన వైపు తిరిగాడు.

"అమ్మా, ఈ జ్వరం మామూలు మనుషులకి వస్తే దానంతటదే దిగిపోతాది. గుండె జబ్బున్నవాళ్ళకి, చక్కెర జబ్బున్నవాళ్ళకి అట్టా కాదు. నేను నెల్లూర్లో చూసి వచ్చినాను. ఒకే పొద్దున చేరిన ఇద్దరిలో ఒకడు లేచి నడిచిపోయినాడు. చక్కెర ఉన్నవాడు లేవలేదు. ఆ జబ్బు లోపలుంటే జ్వరం దాన్ని రేపుతాది, అది జ్వరాన్ని రేపుతాది. ముందే తెలిస్తే నేను చెయ్యగలిగింది ఉండాది. అందుకని అందర్నీ అడుగుతున్నా. మీ ఆయనకి చక్కెర జబ్బేమన్నా ఉండాదా?"

ఇంతకంటే విడమర్చి ఎవరు చెప్తారు? వార్డు మొత్తానికి వినిపించేట్టు అడిగాడు. అదే వచ్చిన చిక్కు. నేను మంచానికి ఇవతల నిలబడి చూస్తున్నాను. అన్న దుప్పటి కింద నుంచి చెయ్యి చాపి వదిన మణికట్టు పట్టుకున్నాడు. నొప్పికి పట్టుకున్నాడనుకున్నా.

"అట్టాంటివేమీ లేవు డాక్టరుగారా" అంది వదిన.

డాక్టరు ఆ మాటతో ఊరుకోలేదు. వయసు మళ్ళినవాళ్ళందరి మూత్రమూ పరీక్ష చెయ్యాలని ముందే చెప్పి పెట్టాడు. ఆ పని నర్సు రెబెకమ్మది. సత్రం వసారాలో స్పిరిట్ దీపం పెట్టుకుని, గాజు గొట్టంలో నీలం మందు పోసి, దాంట్లో మూత్రం చుక్కలు వేసి కాచేది. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చకి తిరిగితే కొంచెం. ఇటికరాయి రంగుకి వచ్చిందా, నిండా ఉన్నట్టు. మొదటి రోజు తనే ఎవరికో ఈ సంగతి చెప్పింది. ఆ పైన తోలుబొమ్మలాటకి చేరినట్టు చేరేవారు జనం. లేవగలిగిన రోగులు, వాళ్ళ తాలూకు మనుషులు, వీధిలో పోయేవాళ్ళు కూడా. ఎవరి గొట్టం ఏ రంగుకి తిరుగుతుందో ముందే చెప్పి పందాలు కాసేవాళ్ళు. ఆమె కసిరితే రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ మూగేవాళ్ళు.

మేము చేరిన పూటే, అటు వరస మంచం మీదున్న కామయ్య మేష్టరు గొట్టం ఇటికరాయి రంగుకి తిరిగింది. "మేష్టరికి చక్కెరంట! నిండా చక్కెరంట!" అని వసారా నుంచి వార్డులోకి, వార్డు నుంచి బజార్లోకి పోయింది మాట. మేష్టరు మంచం మీద నుంచే, "అయితే ఏందిరా, పిల్లకాయలకి చదువు చెప్పేదానికి చక్కెర అడ్డమా?" అన్నాడు. జనం నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆయన బతుకుతెరువు ఆయన నాలుక కొసన లేదు మరి.

రెబెకమ్మ మా మంచం దగ్గరికి ఒక చిన్న సీసా తెచ్చి వదిన చేతికిచ్చింది. అన్న కుండలో పోసిన మూత్రాన్ని వదిన కొంగు చాటున పట్టుకుని సత్రం వెనక్కి పోయింది. పారబోసి, అదే మరుగున తన మూత్రం ఆ సీసాకి పట్టింది. ఇది నేను కల్పించి చెప్పడం లేదు, ఆమే నాతో చెప్పింది. సీసా నర్సుకి ఇచ్చాక వసారాలో జనంలో నిలబడి, గొట్టం కాగుతుంటే కళ్ళార్పకుండా చూసింది. నీలం నీలంగానే ఉంది. "సెట్టిగారికి ఏం లేదు!" అని ఎవరో అరిచారు. చాలామంది మొహాలు తేటపడ్డాయి. వదిన ఒక స్తంభాన్ని ఆనుకుని కొంగుతో మొహం తుడుచుకుంది. పాపం, సంతోషంతో అనుకున్నా.

నీలం చూశాక డాక్టరుకి ఇంకేం అనుమానం ఉంటుంది? మనిషి ఎండిపోయి ఉన్నాడు, తిండి లేదు, దాహం తీరడం లేదు. గ్లూకోజు సీసా తగిలించి నరంలోకి ఎక్కించాడు. చూడ్డానికొచ్చిన రైతులు బత్తాయిలు తెచ్చారు, గ్లూకోజు పొడి డబ్బాలు తెచ్చారు. రసం తీసి, పొడి కలిపి, గ్లాసు నోటికందిస్తే అన్న తాగేవాడు. వద్దంటే ఎందుకొద్దని అడుగుతారు. పైగా ఆ దాహానికి ఏదిచ్చినా తాగేవాడే. నేను కూడా కలిపి ఇచ్చాను. నా చేత్తో ఇచ్చాను. తెలిసిన మనిషి పక్కనే నిలబడి, గ్లాసు వైపు చూసి, తల తిప్పుకుంది.

అటు వరసలో కామయ్య మేష్టరికి రోజూ సూది. ఆయనా తిండి తినడం లేదు, ఆయనదీ అదే జ్వరం. చేరిన పూట నవ్వినా, మర్నాటికి ఆయనే ఎక్కువ అధ్వాన్నంగా ఉన్నాడు, మాట కూడా లేదు. రోజురోజుకీ ఆయన తేరుకుంటున్నాడు, మా అన్న కిందికి పోతున్నాడు. వదిన ఆయన మంచం వైపే చూస్తుండేది. ఒకనాడు రెబెకమ్మ మేష్టరికి సూది వేసి వస్తుంటే ఆపింది.

"ఆయన తిండి తినడం లేదు గదమ్మా. తిండి లేకుండా సూదేస్తే ప్రమాదం గాదా?"

"మామూలప్పుడైతే ప్రమాదమే. జొరంలో అట్టా గాదు తల్లీ. జొరంలో తిన్నా తినకపోయినా ఎయ్యాల్సిందే. ఇంకా ఎక్కువే ఎయ్యాల. మానేస్తే అసలుకే మోసమొస్తాది. ఎందుకడిగినావు?"

"ఊరికే" అంది వదిన.

ఊరికే! ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఆమెని తిట్టకుండా ముందుకు పోలేను. ఆమెకి అప్పుడు మొత్తం తెలిసిపోయింది. ఇన్ని రోజులూ తాను మంచి చేస్తున్నాననుకుని మానేసిన సూదే ఆయన్ని బతికించే సూదని తెలిసింది. నర్సు ఎదురుగా నిలబడి ఉంది. చెప్పేస్తే అయిపోయేది. ఆమె నర్సుని పోనిచ్చి, అన్న చెవి దగ్గర వంగి ఏదో అంది. అన్న తల అడ్డంగా ఊపాడు.

"రేపు ఇంటికి పోదాం. ఇంటికి పోయినాక ఎయ్యి" అన్నాడట. అప్పటికే మాట ముద్దగా వస్తోంది.

ఆమె రేపటి దాకా ఆగింది. భర్త మాట జవదాటని ఇల్లాలని ఊళ్ళో ఆమెకి మంచి పేరు. ఆ పేరుని తీసుకుపోయి ఎక్కడ పెట్టుకోమంటారు?

తెల్లవారేసరికి అన్న పిలిస్తే పలకడం మానేశాడు. ఊపిరి పెద్దగా, లోతుగా, కొలిమి తిత్తి లాగినట్టు వస్తోంది. డాక్టరు పరుగున వచ్చి మొహం దగ్గర మొహం పెట్టి వాసన చూశాడు. ముగ్గిన పండు వాసనొస్తుందే అని తనలో తను గొణుక్కున్నాడు. రెప్పలు ఎత్తి చూశాడు, గ్లూకోజు సీసా వైపు చూశాడు, వదిన వైపు చూశాడు. ఇంకా ఏమీ అడగలేదు. అప్పుడు వదిన రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, జీవితంలో మొదటిసారి, నలుగురిలో గొంతెత్తింది.

"ఆయనకి చక్కెర జబ్బుండాది డాక్టరుగారా! మూడేళ్ళ నుంచీ ఉండాది! రోజూ సూదేస్తాన్నేను! జొరమొచ్చినకాడి నుంచీ ఎయ్యలా!"

"నీలంగా వచ్చిందే" అన్నాడు డాక్టరు.

"అది నాది. నా మూత్రం."

వార్డంతా విన్నది. ఒక్కరు కూడా నోరు మెదపలేదు. అంత పెద్ద గుట్టు పగిలితే ఒక గుసగుస అన్నా లేవాలి కదా. లేవలేదు. వాళ్ళకి నోట మాట రాలేదని అనుకున్నా.

డాక్టరు ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. గ్లూకోజు పీకేశాడు, ఇన్సులిన్ తెమ్మన్నాడు, ఉప్పునీళ్ళు ఎక్కించాడు, మంచం వదలకుండా కూర్చున్నాడు. మళ్ళీ మళ్ళీ సూది వేశాడు. మధ్యలో ఒకసారి అన్న కళ్ళు తెరిచాడు గానీ మమ్మల్ని గుర్తుపట్టలేదు. ఊపిరితిత్తుల నిండా కఫం పట్టేసింది. మర్నాడు పొద్దు నడినెత్తికి రాకముందే పోయాడు.

మోసుకుపోయేందుకు మనుషులు సిద్ధమవుతుంటే డాక్టరు నా దగ్గరికి వచ్చాడు. "ఉత్త జ్వరమే అయితే దాటేవాడమ్మా. ఉత్త చక్కెర జబ్బే అయితే ఇంకా ఎన్నో ఏళ్ళు బతికేవాడు. రెండూ కలిసి వచ్చినాయి. నాకు ఒకటే తెలిసింది" అన్నాడు. అదే వారంలో కామయ్య మేష్టరు చేతికర్ర పట్టుకుని, కొడుకు భుజం ఆసరాతో, నడిచి ఇంటికి పోయాడు.

ఇంటికొచ్చాక నేను వదినని అన్న మాటలు ఇక్కడ చెప్పను. అన్నాను. అనాల్సినవే అన్నాను. ఆమె దేవుడి గదిలోకి పోయి, ఇసుక కుండ తెచ్చి నా ముందు పెట్టి, మొదటి నుంచీ మొత్తం చెప్పింది. రైల్లో వేసిన ఒట్టు, బత్తాయి, సత్రం వెనక సీసా, అన్నీ. నేను ఆమెని కొట్టలేదన్న మాటే గానీ, కొట్టాలనిపించింది. ఆ పక్కనే ఆమె తల ఒళ్ళో పెట్టుకోవాలని కూడా అనిపించింది. రెండూ చెయ్యలేదు.

కర్మకాండలు అయ్యాక కూడా ఆమెని ఒంటరిగా వదలలేక నేను అక్కడే ఉండిపోయాను. మండీ తలుపులు మూసే ఉన్నాయి. వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం సుబ్బన్న పరామర్శకి వచ్చాడు. ఇంకా నీరసంగానే ఉన్నాడు. వసారాలో కింద కూర్చున్నాడు. వదిన గడప లోపల, గోడకి ఆనుకుని కూర్చుంది. నేను గడప మీద.

కాసేపు వానల సంగతి, చెరుకు సంగతి మాట్లాడాడు. తర్వాత తల గోక్కుని, "సెట్టిగారి మాదిరి రుచి చెప్పేవాడు ఇంక రాడమ్మా" అన్నాడు.

వదిన చప్పున అంది. "జబ్బు సంగతి తెలిసుంటే మీరు బండ్లు ఇటు తోలేవాళ్ళా సుబ్బన్నా? శ్రీమన్నారాయణ సెట్టిని ఒదిలేసినట్టు ఒదిలేసి ఉండరా? ఆ భయంతోనే గదా ఆయన నోరు కట్టుకున్నాడు, నా నోరు కట్టేసినాడు."

సుబ్బన్న తల దించుకున్నాడు. తలెత్తకుండానే అన్నాడు.

"మాకు తెలుసమ్మా."

"ఏంది తెలుసు?"

"జబ్బు సంగతి. మొదట్లోనే తెలిసిపోయింది. అంతకుముందు సెట్టిగారు బెల్లం ముక్క నమిలి మింగేవాడు. మద్రాసు పోయొచ్చినాక నాలిక మీద పెట్టుకుని, దగ్గొచ్చినట్టు పక్కకి తిరిగి ఊసేసేవాడు. బెల్లం తోలే మనుషులం, అది కనబడదా మాకు? మా పిల్ల పెళ్ళికొచ్చినాడు. పాయసం విస్తరాకు మడతలో దాచినాడు. మా చెంచులక్ష్మి చూసింది. ఆ పైన ఎవరింటికి పిలిచినా ఆయన విస్తట్లో తీపి ఒడ్డించొద్దని మాలో మేమే చెప్పుకున్నాం."

నేను లేచి నిలబడ్డాను. "మరి బండ్లెందుకు తోలినారు ఆయనకి?"

"ధర తప్పు పోలేదు గదమ్మా. మింగకపోయినా ఆయన చెప్పిందే సరిగ్గా ఉండింది. ఇంక జబ్బుతో మాకేం పని? శ్రీమన్నారాయణ సెట్టిని ఒదిలింది కూడా జబ్బుకి కాదు, కావలి షావుకారుతో కుమ్మక్కై ధర తక్కువ చెప్పినాడని ఒదిలినాం. మల్లికార్జునం సెట్టి దాచుకుంటుండాడు, ఆయనకది సిగ్గుగా ఉండాది, మనం తెలిసినట్టు కనబడితే తలెత్తుకోలేడు అని ఊరుకున్నాం. బజారంతా ఊరుకున్నాం."

వదిన గోడ వదిలి ముందుకు జరిగింది. గొంతు అణిచి అడిగింది.

"డాక్టరు అడిగిన పొద్దు నువ్వు పక్క మంచం మీదనే ఉంటివే."

"ఉన్నాను."

"నేను లేదన్నది విన్నావా?"

"విన్నానమ్మా. సీసా తీసుకుని ఎనక్కి పోతుంటే కూడా చూసినాను. నీలంగా వచ్చిందంటే అనుమానం కూడా వచ్చింది. ఇంటి ఇల్లాలివి నువ్వే లేదంటుంటే, బయటోణ్ణి నేనెట్టా ఉండాదనేది? సెట్టిగారి పరువు..." అని ఆగిపోయాడు. కండువాతో మొహం కప్పుకున్నాడు. "నేనొక్కణ్ణే గాదు తల్లీ. ఆ వార్డులో సగం మందికి తెలుసు."

నాకు తిట్లు నోటి దాకా వచ్చాయి గానీ ఎవర్ని తిట్టాలో తెలియలేదు. వాన పెద్దదై వసారాలోకి జల్లు కొడుతోంది. సుబ్బన్న తడుస్తూనే కూర్చున్నాడు, లోపలికి జరగమని మేమిద్దరం కూడా అనలేదు.

అప్పుడు వదిన అంది. "అందరూ మంచోళ్ళేరా సుబ్బన్నా. ఉండాదని అరిచేదానికి ఒక్క చెడ్డోడన్నా లేకపోయినాడే ఆ వార్డులో."